ఆదిత్య 369 పాత క్యాసెట్టు: డాబా మీద ప్రొజెక్టరులో వేయొచ్చా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు. నాన్నగారు తొంభైల్లో దాచిన ‘ఆదిత్య 369’ వీడియో క్యాసెట్టు బీరువాలో దొరికింది. సంక్రాంతికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కలిసి ఓ నలభై మంది చేరతారు. భోగి నాటి రాత్రి డాబా మీద ప్రొజెక్టరు పెట్టి ఆ క్యాసెట్టునే వేద్దామనుకుంటున్నారు. క్యాసెట్టు చివర్లో మీ అక్కగారి ఓణీల ఫంక్షన్ ఓ పది నిమిషాలు ఎక్కి ఉందని అమ్మగారు చెప్పారు. సరిగ్గా చూపించాలంటే ఏమేం కావాలి, ఎక్కడ తేడా వస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, సినిమా కోసం ఆ క్యాసెట్టు వాడకండి. ఆ క్యాసెట్టును మాత్రం వెంటనే కంప్యూటర్లోకి ఎక్కించండి. ఇవి రెండు వేరు వేరు పనులు. సినిమాకి శుభ్రం చేసిన కొత్త ప్రతి ఉంది: 1991 జులై 18న వచ్చిన ఈ సినిమాని 2025 ఏప్రిల్ 4న 4కెలో, 5.1 శబ్దంతో (ఆరు స్పీకర్లకి విడివిడిగా పంచిన శబ్దం) మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. మీ అక్కగారి ఫంక్షన్‌కి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. అందుకే పండక్కి నెల ముందే క్యాసెట్టు పని మొదలుపెట్టండి. ప్రొజెక్టరు సంగతి చివరి వారంలో చూసుకున్నా సరిపోతుంది.

క్యాసెట్టు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. వీహెచ్‌ఎస్ టేపులో, అంటే మీ క్యాసెట్టు రకంలో, అడ్డంగా నిలిచే వివరం సుమారు 240 గీతలే. 21 అంగుళాల పాత టీవీ మీద అది నిండుగా కనిపించేది. అదే బొమ్మని 120 అంగుళాలకి సాగదీస్తే మనిషి మొహంలో కళ్లెక్కడో ముక్కెక్కడో తప్ప ఏమీ తేలదు. రాత్రి దృశ్యాలైతే బురద నీళ్లలా ఉంటాయి.

రెండోది ఫ్రేము సంగతి. అప్పట్లో మన సినిమాలు ఎక్కువగా స్కోపులో, అంటే బాగా వెడల్పైన ఫ్రేములో, తీసేవారు. స్కోపు సినిమాని పాత టీవీ కొలతకి, అంటే 4:3కి నింపాలంటే రెండు పక్కలా కోసెయ్యాలి. లెక్క కడితే బొమ్మలో దాదాపు 43 శాతం పోతుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకళ్ల ముక్కు, ఇంకొకళ్ల చెవి మాత్రమే కనబడిన క్యాసెట్లు మనందరం చూసినవే. హాస్య సన్నివేశంలో ఇది మరీ నష్టం. ఒకాయన మాటంటాడు, పక్కాయన మొహం మారుతుంది, నవ్వొచ్చేది ఆ మొహం చూసి. ఆ మొహం కోతలో పోతే జంధ్యాల మాటలు కూడా సగమే పేలతాయి.

మూడోది చాలామందికి తెలియదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతి పాల్, సెకనుకి 25. క్యాసెట్టుకి ఎక్కించేటప్పుడు 24ని 25గా పరుగెత్తిస్తారు. అంటే 4 శాతం వేగం ఎక్కువ. 141 నిమిషాల సినిమా సుమారు 135 నిమిషాలకి అయిపోతుంది. వేగంతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది, పావు శ్రుతికి పైన, అర శ్రుతికి లోపు. జిక్కి, బాలు పాడిన ‘జాణవులే’ కొత్త ప్రతిలో విని, చిన్నప్పుడు ఇలా లేదే, ఏదో బరువుగా ఉందే అని కొందరికి అనిపిస్తుంది. బరువు పెరగలేదు. ఇళయరాజా కట్టిన అసలు శ్రుతి అదే. మనం విన్నదే ఎత్తుగా ఉంది.

ఇక్కడే మీకు పనికొచ్చే లెక్క ఒకటుంది. క్యాసెట్టు మీద ఈ-180 అని రాసుంటే అందులో 180 నిమిషాలు పడతాయి. సినిమాకి 135 పోగా ఇంకా 45 నిమిషాల చోటుంది. అమ్మగారు పది నిమిషాలే అన్నా ఫంక్షన్ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. మధ్యలో ఖాళీ నీలం తెరో, చుక్కల వానో వచ్చిందని ఆపెయ్యకండి. టేపు చివరి వరకు, మిషను తనంతట తాను ఆగేదాకా రికార్డు చెయ్యండి.

క్యాసెట్టు పని

ముందు క్యాసెట్టుని చేతిలోకి తీసుకుని, లేబులు అంటించే అంచు మీద ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉందేమో చూడండి. ఉంటే స్క్రూడ్రైవరుతో విరిచెయ్యండి. అది విరిగితే ఏ మిషనూ ఆ టేపు మీద రికార్డు చెయ్యలేదు. పొరపాటున ఎర్ర బటను నొక్కి పెళ్లిళ్లే చెరిపేసిన వాళ్లున్నారు.

తర్వాత కిటికీలోంచి చక్రాల మీద చుట్టుకున్న టేపు అంచుని టార్చి వేసి చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మంచిది. తెల్లగా పొడిలా, సాలెగూడులా ఉంటే బూజు. కృష్ణా తీరంలో, మన గాలిలో తేమకి బీరువా అడుగున పెట్టిన క్యాసెట్లకి ఇది సర్వసాధారణం. బూజున్న టేపుని మిషన్లో పెట్టొద్దు. టేపుని చదివే హెడ్‌కి బూజు అంటుకుంటుంది, ఆ తర్వాత పెట్టే ప్రతి టేపుకీ పాకుతుంది, పైగా అతుక్కున్న పొరలు లాగితే టేపు చిరుగుతుంది. అలాంటిదైతే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి రెండు మూడు రోజులు ఆరనిచ్చి, బూజు టేపులకని విడిగా మిషను పెట్టుకున్న వాళ్లకే ఇవ్వండి. క్యాసెట్టు డొల్లకి కింద ఐదు మరలుంటాయి, విప్పడం తేలికే. కానీ లోపలి స్ప్రింగులు, రోలర్లు ఎక్కడెక్కడివో ఫొటో తీసుకోకుండా విప్పితే మళ్లీ బిగించడం కష్టం.

వీసీఆర్, అంటే క్యాసెట్టు ఆడించే మిషను సంగతి. కొత్తవి 2016 తర్వాత ప్రపంచంలో ఎవరూ చెయ్యడం లేదు, కాబట్టి దొరికేది పాతదే. పాతదాంట్లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, టేపుని లాగే రబ్బరు రోలరు గట్టిపడి ఉంటుంది, గ్రీజు జిగురులా మారి ఉంటుంది. ఈ మూడింట్లో ఏది చెడినా టేపుని నమిలేస్తుంది. అందుకని మొదట పనికిరాని క్యాసెట్టు ఒకటి పెట్టి పది నిమిషాలు ఆడించండి, ముందుకి వెనక్కి తిప్పండి, నాలుగైదుసార్లు బయటికి తీసి చూడండి. టేపు అంచు మడతపడకపోతే అప్పుడు మీది పెట్టండి.

బొమ్మ మీద మంచు కురుస్తున్నట్టుంటే హెడ్ శుభ్రం చెయ్యాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పోగులు రాలని మెత్తటి తోలుముక్క గానీ మందపాటి తెల్ల కాగితం గానీ చాలు. ప్లగ్గు పీకి, మూత తీసి, తడిపిన ముక్కని హెడ్ అమర్చి ఉన్న గుండ్రటి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ముని పైనుంచి మెల్లగా తిప్పండి. ముక్కని పైకీ కిందకీ రుద్దారా, హెడ్ కొన విరిగిపోతుంది, మిషను పనైపోయినట్టే. దూదిపుల్లలు వాడొద్దు, పోగు చిక్కుకుంటుంది. పావుగంట ఆరాకే కరెంటు పెట్టండి.

టేపుని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు వదులై ఉంటుంది, ఈ తిప్పుడుతో బిగువు సమానమవుతుంది.

కంప్యూటర్లోకి ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ చాలు. వీసీఆర్ వెనక పసుపు పచ్చ పిన్ను బొమ్మకి, తెలుపు పిన్ను శబ్దానికి. వర్చువల్‌డబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో పద్ధతి పాల్ పెట్టండి, కొలత 720×576, సెకనుకి 25 ఫ్రేములు, శబ్దం 48 కిలోహెర్ట్జ్. కుదించినా నాణ్యత పోని హఫ్‌వైయూవీ పద్ధతిలో గంటకి 30 నుంచి 35 జీబీ పడుతుంది. మీ మూడు గంటల టేపుకి 100 జీబీ దాటొచ్చు, 150 ఖాళీ ఉంచుకోండి. ల్యాప్‌టాప్‌లో నిద్ర మోడు, యాంటీవైరస్ తనిఖీ ఆపెయ్యండి. మధ్యలో కంప్యూటరు తడబడి ఫ్రేములు వదిలేస్తే, వదిలేసిన కొద్దీ పెదాలకీ మాటకీ పొంతన తప్పుతూ పోతుంది. రెండో గంటకి వచ్చేసరికి అర సెకను తేడా వచ్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

అసలైన మెలిక, మీ టేపు రెండు వేరు వేరు మిషన్ల మీద రికార్డయింది. సినిమా ఎవరో వీడియో షాపులో ఎక్కించింది, ఫంక్షన్ కెమెరా నుంచి ఎక్కించింది. సినిమా భాగానికి ట్రాకింగ్ (హెడ్ టేపు మీది గీతల్ని సరిగ్గా పట్టుకునేలా చేసే సర్దుబాటు) సరిచేసి కూర్చుంటే ఫంక్షన్ దగ్గరికి రాగానే అడ్డంగా తెల్ల చారలు మొదలవుతాయి. అప్పుడు టేపు పాడైందని బెంబేలు పడకండి. ఫంక్షన్ భాగానికి ట్రాకింగ్ మళ్లీ విడిగా సరిచేసి, ఆ భాగాన్ని రెండోసారి విడిగా రికార్డు చెయ్యండి. నిజానికి సినిమా భాగాన్ని మీరు ఎంత బాగా ఎక్కించారన్నది ముఖ్యం కాదు, ఈ చివరి ముక్క ముఖ్యం. దీన్ని మూడుసార్లు ఎక్కించి, మూడింట్లో మంచిది ఉంచుకోండి. బొమ్మ అడుగున పది పన్నెండు గీతల మేర వణుకుతున్న చార ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది లోపం కాదు, పాత టీవీల్లో ఫ్రేము వెనక దాగిపోయేది. చివర్లో నల్ల పట్టీ వేసి మూసెయ్యొచ్చు.

తెర

మీ డాబా మీద మెట్లగది గోడ ఉందన్నారు. అంతకంటే మంచి తెర లేదు. మెరుపు లేని తెల్ల డిస్టెంపరు రెండు పూతలు వేయించండి. ఎనామిల్ వేయిస్తే దీపం పడినచోట నిగనిగలాడుతూ మధ్యలో చంద్రుడిలా వెలుగు మచ్చ కనిపిస్తుంది, చుట్టూ మసకగా ఉంటుంది. ఫ్లెక్సీ బ్యానరు వెనక్కి తిప్పి కట్టినా ఇదే ఇబ్బంది.

గోడ కుదరకపోతే గుడ్డ. ఒంటి దుప్పటి కడితే వెలుగులో చాలా భాగం వెనక్కి వెళ్లిపోతుంది. దాని వెనక నల్లగుడ్డ కుట్టిస్తే నలుపు నలుపుగా నిలుస్తుంది. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్టులో వెడల్పు పన్నా తెల్లగుడ్డ అతుకు లేకుండా దొరుకుతుందేమో ముందు అడగండి. మధ్యలో కుట్టు వస్తే స్కోపు బొమ్మలో నిలువునా గీతలా ఉంటుంది. గాలి సంగతి తక్కువగా చూడొద్దు. 120 అంగుళాల తెర అంటే 4 చదరపు మీటర్లు. గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే దాని మీద దాదాపు 20 కిలోల తోపు పడుతుంది. రెండు కర్రలు పాతి కట్టిన తెర పిల్లల మీద పడేది ఇలాగే. నాలుగు మూలలే కాకుండా, అడుగుకో ఐలెట్టు చొప్పున చుట్టూ పిట్టగోడకీ గోడ కొక్కేలకీ కట్టండి.

నలభై మందికి 120 అంగుళాలు చాలు. వెడల్పు 2.66 మీటర్లు, ఎత్తు 1.49. స్కోపు సినిమా అయితే బొమ్మ ఎత్తు 1.13 మీటర్లే ఉంటుంది, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. అవి తీసెయ్యాలని జూమ్ నొక్కారంటే మళ్లీ క్యాసెట్టు కోతకే వచ్చినట్టు. తెర అడుగు అంచు నేలకి మీటరు పైన ఉండాలి. ముందు చాపలు, పిల్లలు. వెనక కుర్చీలు. మొదటి చాప తెరకి 3 మీటర్ల దూరంలో, చివరి కుర్చీ 8 మీటర్ల లోపు.

ప్రొజెక్టరు

అద్దెకి తెచ్చుకోండి, కొనక్కర్లేదు. అడగాల్సింది ఒక్కటే: ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు (వెలుగు కొలత) ఎంత? డాబా మీద వీధి దీపం వెలుగు ఎంతో కొంత పడుతుంది, కాబట్టి 2500 నుంచి 3000 కావాలి. పూర్తి చీకటి గదిలో 1000 చాలేది. పెట్టె మీద 9000 ల్యూమెన్లు అని అచ్చేసి చవగ్గా అమ్మే చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్లలో నిజంగా ఉండేది చాలాసార్లు రెండు మూడు వందలే. అవి పడగ్గది గోడకి బాగుంటాయి, డాబాకి చాలవు.

దూరం లెక్క: దాని మీద త్రో రేషియో 1.5 అని ఉంటే తెర వెడల్పు 2.66ని 1.5తో హెచ్చవేయండి, 4 మీటర్లు. అంటే ప్రొజెక్టరు జనం మధ్యలోకి వస్తుంది. మధ్యలో బల్ల పట్టేంత దారి వదిలి చాపలు వేయండి. బల్ల ఎత్తు రెండున్నర అడుగులు. చాలా ప్రొజెక్టర్లలో బొమ్మ లెన్సుకి పైవైపు పడుతుంది కాబట్టి ఎత్తు బల్ల అక్కర్లేదు. పక్కనుంచి వంకరగా పెట్టి కీస్టోనుతో సరిచెయ్యడం వద్దు. బొమ్మ చదరంగా కనిపిస్తుంది గానీ అంచుల్లో పదును పోతుంది.

వేసవిలో ఇదే పని చేస్తే ఎండకి కాగిన స్లాబు రాత్రి పదింటి వరకు సెగలు కక్కుతుంది, ప్రొజెక్టరు వేడెక్కి ఆగిపోతుంది. వానాకాలంలో ఉసిళ్లు లెన్సు మీద ముసురుతాయి. మీరు ఎంచుకున్న సంక్రాంతి ఈ రెండు బాధలూ లేని కాలం. ఉన్నదల్లా మంచు. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక ఇనప కుర్చీలు చెమ్మగిల్లుతాయి. నడుస్తున్నంతసేపు ప్రొజెక్టరు వేడికి దానిమీద మంచు దిగదు. ప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు మాత్రం నేల మీద వదలకుండా ఇటుకల మీద పెట్టి, పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. ప్రొజెక్టరు మీద గుడ్డ కప్పొద్దు, గాలి రంధ్రాల చుట్టూ అడుగు ఖాళీ ఉండాలి.

కరెంటు పోతే? బల్బు రకం ప్రొజెక్టరులో ఫ్యాను ఆగి బల్బు లోపలే మాడిపోతుంది. ప్రొజెక్టరు ఒక్కదానికి 1 కేవీఏ యూపీఎస్ పెట్టండి, కనీసం చల్లారేదాకా ఫ్యాను తిరుగుతుంది. లేజరు, ఎల్ఈడీ రకాలకి ఆ భయం లేదు.

శబ్దం

ఇలాంటి ప్రదర్శనల్లో చెడేది ఎక్కువగా ఇక్కడే, బొమ్మ దగ్గర కాదు. కొత్త ప్రతి శబ్దం 5.1 ట్రాకైతే మాటలన్నీ మధ్య స్పీకరుకి వెళతాయి. మీకున్నవి రెండే స్పీకర్లు. ప్లేయరు సెట్టింగు అలాగే వదిలేస్తే పాటలు హోరెత్తుతాయి, మాటలు బావిలోంచి వస్తున్నట్టుంటాయి. అందరూ వాల్యూం పెంచుతారు, పాట రాగానే తగ్గిస్తారు, సినిమా అంతా అదే పని. ప్లేయరులో శబ్దం అవుట్‌పుట్‌ని స్టీరియోకి మార్చండి. మధ్య స్పీకరు మాటలు రెండింటికీ పంచబడతాయి.

బ్లూటూత్ స్పీకరు వద్దు. మాట పెదాల కంటే సెకనులో ఐదో వంతు దాకా వెనకబడుతుంది. ప్లేయరు ప్రొజెక్టరు పక్కనే పెట్టి, హెచ్‌డీఎంఐ తీగ రెండు మీటర్లదే వాడి, శబ్దానికి మాత్రం 15 మీటర్ల షీల్డ్ వైరు తెర దగ్గరికి లాగండి. పొడుగు హెచ్‌డీఎంఐ తీగలు చవకవైతే 4కె దగ్గర బొమ్మ మెరిసి మాయమవుతుంది. 10 లేక 12 అంగుళాల స్పీకర్లు రెండు, తెరకి అటొకటి ఇటొకటి, మనిషి కూర్చున్నప్పటి చెవి ఎత్తుకి కొంచెం పైన. స్పీకర్లు వెనక పెట్టి బొమ్మ ముందు ఉంటే మాట ఎవరిదో చెవికి అంతుపట్టదు. డాబా మీద గోడలు లేవు కాబట్టి బేస్ పలచగా వినిపిస్తుంది, సౌండు కుర్రాడు వెంటనే బేస్ పెంచుతాడు. పెంచనివ్వొద్దు. మాట ముద్దవుతుంది, సుత్తివేలు డైలాగు ఒక్కటి కూడా వెనక వరుసకి అందదు.

గుయ్‌మని మోత వస్తే ల్యాప్‌టాప్, స్పీకర్లు వేరు వేరు సాకెట్లలో ఉన్నాయని అర్థం. రెంటినీ ఒకే బోర్డుకి పెట్టండి. ఎర్తు పిన్ను విరిచి మోత ఆపే అలవాటు కొందరికి ఉంది. మంచు తడిలో అది ప్రాణం మీదకి తెస్తుంది.

ముందు రోజు రాత్రి ఇరవై నిమిషాలు

భోగికి ముందురోజు అదే వేళకి అన్నీ పెట్టి చూడండి. ప్రొజెక్టరు బొమ్మ మోడు ‘డైనమిక్’, ‘వివిడ్’లో ఉంటే ‘సినిమా’కి మార్చండి. ఈ సినిమాకి పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్ ముగ్గురూ ఛాయాగ్రహణం చేశారు. వర్తమానానికీ, రాయల కాలానికీ, భవిష్యత్తుకీ వెలుగునీడల్లో తేడా తెలియాలంటే రంగులు కొట్టొచ్చినట్టు ఉండకూడదు. ఏదైనా గుండ్రటి వస్తువు కనిపించే చోట ఆపి చూడండి, కోడిగుడ్డులా ఉంటే కొలత సెట్టింగు తప్పు.

ఓటీటీలో చూడాలనుకుంటే మీకు దొరికే ప్రతి కొత్తదా, పాతదా చూసుకోండి. టైటిళ్లు వణుకుతున్నా, నిలువు గీతలు పడుతున్నా, రీలు మారేముందు కుడివైపు పైమూలన చుక్క మెరుస్తున్నా పాత ప్రింటు నుంచి తీసిందే. ఫోను నుంచి పాత వీజీఏ ప్రొజెక్టరుకి కన్వర్టరుతో కలిపితే శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. అది కాపీ రక్షణ వల్ల, తీగ లోపం కాదు. హెచ్‌డీఎంఐ ఉన్న ప్రొజెక్టరే తెచ్చుకోండి. ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి.

హక్కుల మాట కూడా చెప్పాలి. మన చట్టం ప్రకారం సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి, అంటే దీనికి 2051 చివరి వరకు. మీ ఇంటివాళ్లు మీ డాబా మీద చూసుకోవడం వేరు. వీధంతా పిలిచి కుర్చీలు వేస్తే అది బహిరంగ ప్రదర్శన, నిర్మాతల అనుమతి కావాలి. క్యాసెట్టు నుంచి ఎక్కించిన సినిమా భాగాన్ని ఎక్కడా అప్‌లోడ్ చెయ్యొద్దు.

వేళ

సంక్రాంతి రోజుల్లో గుంటూరులో సూర్యాస్తమయం 5:55 ప్రాంతంలో. 6:40కి చీకటి నిండుతుంది. 6:45కి మొదలుపెడితే, ఇంటర్వెల్‌కి పావుగంట ఇచ్చినా 9:20 ప్రాంతంలో పూర్తవుతుంది. లౌడ్‌స్పీకర్లకి రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం, కాబట్టి ఆ లోపే ఉంటారు. భోజనాలు సినిమా తర్వాత పెట్టుకోండి. ఇంటర్వెల్‌లో నలభై మందికి వడ్డన పావుగంటలో తేలదు. అరిసెలు, టీ చాలు. ఇంటర్వెల్ సినిమాలో ఉన్నచోటే ఇవ్వండి, మధ్యలో ఎక్కడా ఆపొద్దు.

పిల్లలకి ముందు రెండు నిమిషాలు చెప్పండి: కథ మూడు కాలాల్లో నడుస్తుంది, ఇప్పటి కాలం, 1526, 2504. రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు, కాబట్టి 1526 అంటే ఆయన చివరి సంవత్సరాలు. అదే రాయలు 1515లో మన కొండవీడు కోటని గజపతుల నుంచి గెలిచాడు. కనుమ నాడు పిల్లల్ని కారెక్కించి కొండవీడు ఘాట్ రోడ్డు మీదకి తీసుకెళ్తే, ముందురోజుల్లో తెర మీద చూసిన రాయలు ఒక్కసారిగా మన ఊరి పక్క మనిషైపోతాడు. చంద్రమోహన్ వేసిన తెనాలి రామకృష్ణుడి పేరులోని తెనాలి మీకు రైలు దిగే స్టేషనే. కంప్యూటర్ గ్రాఫిక్స్ మన సినిమాల్లోకి రాని రోజుల్లో సింగీతం శ్రీనివాసరావు గారు కాలయంత్రాన్ని సెట్టుతో, కెమెరా పనితనంతో నమ్మించారన్నది కూడా చెప్పండి. తెలిసి చూస్తే పిల్లలు ‘ఇదెలా చేశారు’ అని అడుగుతారు, తెలియక చూస్తే ‘గ్రాఫిక్స్ బాలేదు’ అంటారు.

పెద్దవాళ్లకి ఒక మాట. మొదటి సగం మీకు గుర్తున్నదానికంటే నిదానంగా అనిపించొచ్చు. చిన్నప్పుడు క్యాసెట్టు ఉన్న ఇళ్లలో పిల్లలు రిమోటు తీసుకుని నేరుగా రాయల కాలానికో, 2504కో తిప్పేసేవాళ్లు. మొత్తం సినిమాని మొదటి నుంచి చివరి దాకా ఒకే కూర్చోవడంలో చూడటం మీలో కొందరికి ఇదే మొదటిసారి కావొచ్చు. మ్యూజియంలో దొంగతనం చూసిన పిల్లాడిగా వేసిన తరుణ్ సన్నివేశాలు అప్పుడు మీ వయసు పిల్లాడివి, ఇప్పుడు మీ పిల్లల వయసువి. అవి తొందరగా దాటించకండి.

సినిమా అయ్యాక ఫంక్షన్ భాగం వేయండి. 120 అంగుళాలకి కాదు. ల్యాప్‌టాప్‌లో విండో చిన్నది చేసి, గోడ మీద నాలుగడుగుల వెడల్పు మించకుండా 4:3లోనే చూపించండి. ఆ కొలతలో మొహాలు గుర్తుపట్టేలా ఉంటాయి. ఇంకో జాగ్రత్త: క్యాసెట్టులోని సినిమా భాగం వేగాన్ని 4 శాతం తగ్గిస్తే అసలు శ్రుతికి వస్తుంది, కానీ అదే సవరణ ఫంక్షన్ భాగానికి చెయ్యొద్దు. వీడియో కెమెరా మొదటి నుంచీ 25 ఫ్రేములే తీసింది. ఇంటర్లేస్ (ఒక్కో ఫ్రేముని గీత విడిచి గీతగా రెండు భాగాలు చేసి రికార్డు చేసే పాత పద్ధతి) తీసేటప్పుడు కూడా ఆ భాగాన్ని సెకనుకి 50 ఫ్రేములుగా విడగొట్టండి, చేతుల కదలిక పీచుపీచుగా కాకుండా నున్నగా వస్తుంది. అప్పుడు ఆ వీడియోలో మాట్లాడే వాళ్ల గొంతులు, నాన్నగారి గొంతు ఉంటే అదీ, ఉన్నదున్నట్టుగా వినిపిస్తాయి. ఆ రాత్రే ఆ ఫైలుని రెండు వేరు వేరు డ్రైవుల్లో కాపీ చేసి, ఒకటి అక్కగారికి ఇచ్చి పంపండి. క్యాసెట్టుని మొదటికంటా తిప్పి, నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి, బీరువాలో ఈసారి పై అరలో పెట్టండి.